బ్రోమిన్ సీసా తెరవకుండా బ్రోమినేషన్

(రసాయనశాస్త్రం పీజీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైక్ ఇంకా దగ్గరికి లాక్కుంటాను.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. పర్యావరణానికి హాని తక్కువ చేసే సున్నితమైన రియేజెంట్లు, వాటితో సెలెక్టివ్‌గా, అంటే కావలసిన చోటే, కావలసినంతే, జరిగే ఆర్గానిక్ సింథసిస్. ఆక్సీకరణాలు ఉన్నాయి, క్షయకరణాలు ఉన్నాయి, హాలోజినేషన్లు ఉన్నాయి. ఉన్న గంటలో అన్నిటినీ తడిమితే మీకు పేర్లు తప్ప ఏమీ మిగలవు. అందుకని ఒక్క చర్యనే పట్టుకుంటాను. బెంజీన్ వలయం మీద ఒక బ్రోమిన్ పరమాణువును పెట్టడం, అంతే. మీరంతా చేసిందే. ఇంటర్మీడియట్‌లో చదివిందే. కానీ ఈ చిన్న చర్యలో మొత్తం కథ ఉంది.

ఎందుకు పెట్టాలి బ్రోమిన్‌ని? చాలాసార్లు చివరి మందులో బ్రోమిన్ ఉండదు కూడా. అది దారిలో అవసరం. 2010లో హెక్, నెగిషి, సుజుకి గార్లకు నోబెల్ వచ్చిన కప్లింగ్ చర్యలు, రెండు కార్బన్ ముక్కలని కలిపేవి, మీకు తెలుసు. వాటికి చాలాసార్లు ఏరైల్ బ్రోమైడ్, అంటే వలయం మీద బ్రోమిన్ ఉన్న పదార్థం, కావాలి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేసుకునే బీపీ మాత్రలు లోసార్టాన్, వల్సార్టాన్ ఉన్నాయి కదా, వాటి తయారీలో బ్రోమో ఓటీబీఎన్ అనే మధ్యస్థం ఉంటుంది. మన బల్క్ డ్రగ్ పరిశ్రమలో పనిచేసినవాళ్ళెవరికైనా ఈ పేరు చిరపరిచితం. అక్కడ బ్రోమిన్ వలయం మీద కాదు, పక్కనున్న మిథైల్ గుంపు మీద కూర్చుంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు బ్రోమిన్‌నే చూద్దాం. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా ఉండే మూలకాల్లో ఒకటి. ముదురు ఎరుపు గోధుమ రంగు. నీటికి మూడు రెట్లకు పైగా బరువు. 59 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మూత తీయగానే ఎర్రటి ఆవిరి సీసా అంచు మీంచి కిందికి జారుతుంది. చర్మం మీద పడితే లోతుగా కాలుతుంది, ఆ పుండు త్వరగా మానదు. అందుకే బ్రోమిన్ వాడే హుడ్ పక్కన హైపో ద్రావణం, అంటే సోడియం థయోసల్ఫేట్, ముందే కలిపి పెట్టుకోవాలి. మీ ల్యాబ్‌లో పెట్టారా? నిజంగా అడుగుతున్నాను. పెట్టకపోతే రేపే పెట్టండి.

ఇక లెక్క. ఈ రోజు నేను చెప్పేదాంట్లో సగం లెక్కే, కాబట్టి నోట్‌బుక్ తీయండి. బ్రోమిన్ అణువులో రెండు పరమాణువులు, 160 గ్రాములు ఒక మోల్. ఎసిటనిలైడ్, అంటే ఎసిటైల్ గుంపు తొడిగిన ఎనిలిన్, తీసుకున్నారు, బ్రోమిన్ వేశారు. ఒక పరమాణువు వలయం మీదికి వెళ్ళింది. రెండోది ఏమైంది? హైడ్రోజన్ బ్రోమైడ్‌గా బయటికొచ్చింది. అంటే మనం కొన్న బ్రోమిన్‌లో సరిగ్గా సగం, మొదటి నుంచీ, ఎంత బాగా చేసినా, పోయేదే. దిగుబడి నూటికి నూరు వచ్చినా పోయేదే. మీ రికార్డులో నూరు శాతం అని రాసుకుంటారు. బ్రోమిన్ దృష్టిలో అది యాభై శాతం.

ఇది చెప్పడానికే 1991లో బారీ ట్రోస్ట్ అణు పొదుపు అనే ఆలోచన ముందుపెట్టారు. అటామ్ ఎకానమీ అంటాం. ఆ మరుసటి ఏడాది రోజర్ షెల్డన్ ఈ-ఫాక్టర్ అన్నారు: ఒక కిలో సరుకు తయారు చేస్తే ఎన్ని కిలోల వ్యర్థం? పెట్రోలియం శుద్ధిలో అది చాలా తక్కువ. మందుల తయారీకి వచ్చేసరికి 25 నుంచి 100 వరకూ, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ అని ఆయన చూపించారు. కిలో మందుకి పాతిక కిలోల చెత్త. మందుల పరిశ్రమ ఉన్న ఊళ్ళలో బతికేవాళ్ళం మనం. ఈ అంకె మనకు పుస్తకంలో అంకె కాదు.

ఆ హైడ్రోజన్ బ్రోమైడ్ ఏమవుతుంది? గాల్లోకి వదలలేం కాబట్టి స్క్రబ్బర్‌లో కాస్టిక్ సోడాతో పట్టుకుంటారు. 81 గ్రాముల హైడ్రోజన్ బ్రోమైడ్‌కి 40 గ్రాముల కాస్టిక్. వచ్చేది 103 గ్రాముల సోడియం బ్రోమైడ్, నీళ్ళలో కరిగిపోయి. అంటే 80 గ్రాముల బ్రోమిన్‌ని సరుకులో పెట్టడానికి 103 గ్రాముల ఉప్పు మిగిలింది. పెద్ద పెద్ద ప్లాంట్లలో దాన్ని మళ్ళీ క్లోరిన్‌తో ఆక్సీకరించి బ్రోమిన్‌గా వెనక్కి తెచ్చుకుంటారు. చిన్న యూనిట్‌కి ఆ స్థోమత ఉండదు. ఆ ఉప్పు నీళ్ళు హై టీడీఎస్, అంటే కరిగిన లవణాలు ఎక్కువున్న నీళ్ళు, అని పేరు పెట్టుకుని ట్యాంకర్ ఎక్కుతాయి, లేదా ఆవిరి యంత్రంలో, ఎంఈఈలో, బొగ్గు తగలేసి ఇంకించాల్సి వస్తుంది. అలా చేయకుండా వదిలేసిన రోజుల్లో ఏమైందో పటాన్‌చెరు, బొల్లారం దగ్గర నక్కవాగు గట్టున ఉన్న రైతులని అడిగితే చెబుతారు. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. నేను ఈ అంశం మీద ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం అదే. ఫ్లాస్క్‌లో మనం రాసే సమీకరణానికి కుడిపక్క రెండో పదార్థం, మనం పట్టించుకోని ఆ ఉప ఉత్పన్నం, చివరికి ఎవరో ఒకరి పొలంలోకి చేరుతుంది.

సరే, ఇది ఒక బాధ. రెండో బాధ సెలెక్టివిటీ.

ఫినాల్‌లో బ్రోమిన్ నీళ్ళు పోస్తే ఏమవుతుంది? అందరూ చెప్పండి. తెల్లటి అవక్షేపం. ట్రైబ్రోమోఫినాల్. ఆపడం మన చేతిలో లేదు, మూడు చోట్లా ఎక్కేస్తుంది. మనకు ఒక్కటే కావాలి, పారాలోనే, అంటే వలయంలో సరిగ్గా ఎదురు మూలలోనే, కావాలి అనుకోండి. పాఠ్యపుస్తకం ఏం చెబుతుంది? కార్బన్ డైసల్ఫైడ్‌లో, తక్కువ ఉష్ణోగ్రత దగ్గర చేయమంటుంది. ధ్రువత లేని ద్రావణిలో ఫినాల్ అయనీకరణం చెందదు, చర్య నెమ్మదిస్తుంది, ఒక్కటి దగ్గర ఆగుతుంది. సైన్స్ సరైనదే. కానీ కార్బన్ డైసల్ఫైడ్ ఎలాంటిది? సున్నాకి 30 డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి అంటుకోగలదు. నరాలకి విషం. అంటే పుస్తకం మనముందు రెండు దారులు పెడుతోంది: నీళ్ళలో చేస్తే సెలెక్టివిటీ లేదు, సెలెక్టివిటీ కావాలంటే కార్బన్ డైసల్ఫైడ్. యాభై ఏళ్ళుగా పిల్లలకి ఇదే నేర్పుతున్నాం.

ఎనిలిన్ సంగతి కూడా అంతే. నేరుగా బ్రోమిన్ వేస్తే మూడూ ఎక్కుతాయి. అందుకని ఏం చేస్తాం? ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఎసిటనిలైడ్ చేస్తాం, దాన్ని బ్రోమినేట్ చేస్తాం, తర్వాత ఆమ్లంలో మరిగించి ఎసిటైల్ గుంపును ఊడగొడతాం. ఒక అడుగు కావాలి, మూడు అడుగులు వేశాం. ఆ ఎసిటైల్ గుంపు వచ్చిన పని చేసి వెళ్ళిపోయింది, సరుకులో ఎక్కడా లేదు. దాని బరువు, దాన్ని పెట్టడానికి వాడిన ద్రావణి, తీయడానికి వాడిన ఆమ్లం, ఆ ఆమ్లాన్ని తటస్థం చేసిన క్షారం, అన్నీ వ్యర్థమే. రియేజెంట్ మొరటుది కావడం వల్ల మనం కట్టిన జరిమానా అది. అందుకే సెలెక్టివిటీని, పర్యావరణాన్ని నేను వేరువేరు విషయాలుగా చూడను. అక్కరలేని ఐసోమర్ కూడా వ్యర్థమే. దాన్ని వేరుచేయడానికి వాడిన ద్రావణి ఇంకా పెద్ద వ్యర్థం.

మరి సున్నితమైన రియేజెంట్ అంటే ఏమిటి? చాలామంది అనుకునేది, సీసాలో ఉన్న పదార్థం మెత్తనిదై ఉండాలని. నా ఉద్దేశంలో అది సగమే నిజం. ఏ క్షణంలో చూసినా ఫ్లాస్క్‌లో చురుకైన బ్రోమిన్ ఎంత ఉంది, ఇదీ అసలు ప్రశ్న. ఎప్పుడూ కొద్దిగా ఉండి, ఉన్నది ఖర్చయ్యాకే ఇంకొంచెం పుడితే, అది బలమైనదైనా మన మాట వింటుంది. పెళ్ళిలో ఒక బంతి లేచాక ఇంకో బంతిని కూర్చోబెడతారు చూడండి, అలా. ఊరంతా ఒకేసారి పందిట్లోకి వస్తే వడ్డించేవాడు ఏ ఆకులో ఏం వేశాడో తెలియదు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. సముద్రంలో ఎప్పటినుంచో ఉంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. క్లోరైడ్ దానికి కొన్ని వందల రెట్లు. అయినా సముద్రపు నాచుల్లో బ్రోమిన్ ఉన్న సేంద్రియ పదార్థాలు విరివిగా దొరుకుతాయి. ఆ నాచు బ్రోమిన్ సీసా ఎక్కడ తెచ్చుకుంది? తెచ్చుకోలేదు. 1980లలో ఆస్కోఫిల్లమ్ నోడోసమ్ అనే గోధుమ రంగు నాచులో ఒక ఎంజైమ్‌ని గుర్తించారు, దాని గుండెలో వెనేడియం ఉంది. బ్రోమోపెరాక్సిడేజ్ అంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని, నీటిలో ఉన్న బ్రోమైడ్‌ని తీసుకుని హైపోబ్రోమస్ ఆమ్లం లాంటి చురుకైన బ్రోమిన్‌ని అప్పటికప్పుడు చేస్తుంది, చేసిన చోటే వాడేస్తుంది. గది ఉష్ణోగ్రత, ఉప్పు నీళ్ళు. మిగిలేది నీరు. పాతకాలపు రాజులు కట్టుకున్న టైరియన్ ఊదా రంగు తెలుసు కదా, అది కూడా డైబ్రోమోఇండిగోనే. 1909లో ఫ్రీడ్‌లాండర్ పన్నెండు వేల నత్తల నుంచి 1.4 గ్రాములు తీసి దాని నిర్మాణం తేల్చారు. అవీ సముద్రపు జీవులే.

అసలు బ్రోమిన్ కొత్త మూలకంగా లోకానికి తెలిసింది కూడా ఉప్పుమడి దగ్గరే. 1826లో బలార్డ్ అనే యువకుడు ఫ్రాన్స్‌లో మాంట్‌పెల్లియర్ దగ్గర ఉప్పు తీసేయగా మిగిలిన చేదు నీళ్ళలో క్లోరిన్ పంపించి, ఆ పసుపు ఎరుపు రంగును పట్టుకున్నారు. మన దేశంలో బ్రోమిన్ ఇప్పటికీ అలాగే వస్తుంది. గుజరాత్‌లో, ముఖ్యంగా కచ్ వైపు, ఉప్పు తీశాక మిగిలే బిట్టర్న్ నుంచి.

ఇక్కడ మన దేశపు పని గురించి చెప్పాలి, కాస్త వివరంగానే చెబుతాను. భావ్‌నగర్‌లో కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఉంది, సీఎస్‌ఎంసీఆర్‌ఐ. 1954 నుంచి ఉన్న సంస్థ. ఉప్పుమడుల వాళ్ళ కష్టాలు తెలిసిన సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్న చాలా సూటిది. బిట్టర్న్ నుంచి బ్రోమిన్‌ని ద్రవంగా స్వేదనం చేసి, గాజు సీసాల్లో, సీసం తొడుగు వేసిన ట్యాంకుల్లో భయపడుతూ దేశమంతా తిప్పి, మళ్ళీ ఎక్కడో ఫ్లాస్క్‌లో పోసి, అందులో సగం పారేయడం ఎందుకు? ద్రవ బ్రోమిన్ అనే మజిలీనే తప్పిస్తే?

బ్రోమిన్‌ని క్షారంలోకి పట్టుకుంటే ఏమవుతుందో మీరు చదివారు. అసమాన విభజన, డిస్‌ప్రపోర్షనేషన్. ఐదు బ్రోమైడ్లు, ఒక బ్రోమేట్. ఈ ఐదుకి ఒకటి మిశ్రమంలో ఆమ్లం వేస్తే మళ్ళీ బ్రోమిన్ అణువే వస్తుంది. అంటే పాత కథే, సగం పోతుంది. వాళ్ళు ఏం చేశారంటే, ఆ మిశ్రమంలోని కొంత బ్రోమైడ్‌ని హైపోక్లోరైట్‌తో ఆక్సీకరించి నిష్పత్తిని రెండుకి ఒకటి చేశారు. రెండు బ్రోమైడ్, ఒక బ్రోమేట్. ఇప్పుడు దీనిలో ఆమ్లం వేయండి. మూడు హైపోబ్రోమస్ ఆమ్లం అణువులు వస్తాయి. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క బ్రోమిన్. అది వలయం మీదికి వెళ్తే మిగిలేది నీరు. మూడు బ్రోమిన్లు లోపలికి వెళ్ళాయి, మూడూ సరుకులో ఉన్నాయి. ఐదు నుంచి రెండుకి నిష్పత్తి మారింది, అంతే. సగం పోయే బ్రోమిన్ మొత్తం నిలబడింది. 2006లో దీన్ని గ్రీన్ కెమిస్ట్రీ పత్రికలో ప్రచురించారు. తర్వాత ఆల్కీన్లు, కీటోన్లు, టోలుయీన్ ఉత్పన్నాల మీద కూడా పనిచేస్తుందని చూపించారు.

దీని అందం ఎక్కడుందంటే, అది ఆవిరి లేని తెల్లటి ఘనపదార్థం. ఆమ్లం తగిలేవరకు అది బ్రోమినేట్ చేయదు. ఎంత బ్రోమిన్ పుట్టాలి అనేది మీరు వదిలే ఆమ్లపు చుక్క నిర్ణయిస్తుంది. డ్రాపింగ్ ఫన్నెల్ కింద కూర్చుని చూడండి. చుక్క పడ్డ చోట ఒక లేత పసుపు మచ్చ పుడుతుంది, కలిపే కడ్డీ ఒకట్రెండు తిరుగులు తిరిగేసరికి మాయమవుతుంది. ఇంకో చుక్క, ఇంకో మచ్చ. మచ్చ మాయం కావడానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది. చివరికి పసుపు అలాగే నిలబడుతుంది, ఇక ఆపేయాలి. చర్య ఎంతవరకు వచ్చిందో మీ కళ్ళకే కనిపిస్తుంది.

మీలో కొందరు నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. ఇది మీరు చేసిందే! ఫినాల్ ఎస్టిమేషన్, ఎనిలిన్ ఎస్టిమేషన్. పొటాషియం బ్రోమేట్, పొటాషియం బ్రోమైడ్ కలిపిన బ్రోమినేటింగ్ మిక్స్చర్, దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మూత పెట్టి ఊపడం, మిగిలిన బ్రోమిన్‌ని అయోడైడ్‌తో పట్టి హైపోతో టైట్రేట్ చేయడం. అవును, అదే జంట. అక్కడ మనకి మూడూ ఎక్కాలి, అందుకే అధికంగా వేసి, ఆమ్లం ఒకేసారి పోస్తాం. ఇక్కడ ఒక్కటే కావాలి, అందుకే లెక్కగా వేసి, చుక్కచుక్కగా వదులుతాం. అవే రెండు లవణాలు, వాడే తీరు వేరు. సున్నితత్వం సీసాలో ఉండదని నేను ఇందాక అన్నది ఇందుకే. అయితే ఒకటి గుర్తుంచుకోండి, ఫినాల్ లాంటి మరీ చురుకైన వలయాన్ని ఇది కూడా సులభంగా ఒకటి దగ్గర ఆపలేదు. ఎసిటనిలైడ్ లాంటి మధ్యస్థమైన వాటితోనే హాయిగా నడుస్తుంది.

హైదరాబాద్‌లో మన ఐఐసీటీలో, అంటే భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, జరిగిన పని ఇంకో దారిది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో అక్కడివాళ్ళు బ్రోమైడ్ లవణాన్నే బ్రోమిన్‌కి ఆధారంగా తీసుకున్నారు. పొటాషియం బ్రోమైడ్, దానికి ఆక్సీకారకంగా ఆక్సోన్. ఇంకో పద్ధతిలో అమ్మోనియం బ్రోమైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం. రెండో దాంతో ఎనిలిన్లని, ఎనిసోల్‌లని లోహపు ఉత్ప్రేరకం ఏమీ లేకుండా బ్రోమినేట్ చేశారు. ఎనిలిన్‌కి ఎసిటైల్ తొడిగి, తర్వాత విప్పే ఆ రెండు అడుగులు గుర్తున్నాయా? అవి లేకుండా నేరుగా చేయగలిగితే ఎంత మిగులుతుందో ఊహించండి.

గువాహటి ఐఐటీ వాళ్ళు అచ్చంగా ఆ నాచు ఎంజైమ్ దారే పట్టారు. 1998 ప్రాంతంలో వెనేడియం పెంటాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బ్రోమైడ్‌ని ఆక్సీకరించి, టెట్రాబ్యూటైల్ అమ్మోనియం ట్రైబ్రోమైడ్ అనే నారింజ రంగు స్ఫటికాలు చేశారు. తూకం వేసుకోవచ్చు, సీసాలో పెట్టుకోవచ్చు, బ్రోమిన్ లాగా పొగలు కక్కదు.

ఇప్పుడు మళ్ళీ లెక్కకి వద్దాం. ఎందుకంటే ఇక్కడే చాలా పరిశోధన పత్రాలు ఆగిపోతాయి. పత్రం శీర్షికలో పర్యావరణ హితం అని రాస్తారు, రియేజెంట్ బరువు రాయరు. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను. మనం వేద్దాం లెక్క. 80 గ్రాముల బ్రోమిన్, అంటే ఒక మోల్, సరుకులో పెట్టడానికి ఏది ఎంత కావాలి?

ద్రవ బ్రోమిన్ 160 గ్రాములు. ఎన్‌బీఎస్, అంటే ఎన్-బ్రోమోసక్సినిమైడ్, 178 గ్రాములు, అందులో 99 గ్రాముల సక్సినిమైడ్ వెనక మిగులుతుంది. పైగా ఎన్‌బీఎస్‌ని చేసింది బ్రోమిన్ నుంచే, అక్కడ కూడా సగం బ్రోమిన్ ఉప్పుగా పోయింది, అది మన ఫ్లాస్క్‌లో కనబడదు కాబట్టి మనం మరిచిపోతాం. ట్రైబ్రోమైడ్ లవణం 482 గ్రాములు. చాలా బరువు. మిగిలే టెట్రాబ్యూటైల్ అమ్మోనియం బ్రోమైడ్‌ని వెనక్కి తెచ్చుకుంటేనే దానికి అర్థం ఉంది, లేకపోతే లేదు. ఆక్సోన్ చూడండి. అది మూడు లవణాల కలయిక, ఒక చురుకైన ఆక్సిజన్‌కి 307 గ్రాములు వేయాలి. ఆక్సోన్ విషం కాదు, ఈతకొలనులు శుభ్రం చేయడానికి వాడతారు. ల్యాబ్‌లో అద్భుతం. కానీ టన్నుల్లో చేస్తే, సుమారుగా అదే బరువు పొటాషియం సల్ఫేట్ లవణాలు నీళ్ళలోకి వెళ్తాయి. మళ్ళీ హై టీడీఎస్.

బ్రోమైడ్, బ్రోమేట్ రెండుకి ఒకటి? సోడియం లవణాలైతే మోల్‌కి 119 గ్రాములు. సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే చివర 71 గ్రాముల సోడియం సల్ఫేట్ మిగులుతుంది. ఉప్పు పూర్తిగా లేకుండా పోలేదు, చూశారా? దాన్ని తయారుచేసినప్పుడు వేసిన హైపోక్లోరైట్ కూడా చివరికి మామూలు ఉప్పే, అదీ లెక్కలో రావాలి. అయినా ఇందాకటి 103 గ్రాముల సోడియం బ్రోమైడ్‌తో పోలిస్తే మేలు, అన్నిటికన్నా ముఖ్యంగా బ్రోమిన్ వృథా కాలేదు.

లెక్కలో అన్నిటికన్నా ముందు నిలిచేది హైడ్రోబ్రోమిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్. 81 గ్రాములు, 34 గ్రాములు. బ్రోమిన్ మొత్తం సరుకులోకి, మిగిలేది 36 గ్రాముల నీరు. లవణం లేదు. నాచు చేసే పనికి దగ్గరగా వచ్చాం. మరి పరిశ్రమ అంతా దీనికే ఎందుకు మారలేదు? పెరాక్సైడ్‌ని అదుపులో పెట్టడం తేలిక కాదు. రియాక్టర్‌లో తుప్పు ఉంటే, ఇనుము అయాన్లు ఉంటే, అది విరిగిపోయి వేడిని, ఆక్సిజన్‌ని వదులుతుంది. ద్రావణి ఆవిరితో ఆ ఆక్సిజన్ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకొకటి, దయచేసి రాసుకోండి: ఆమ్లం, పెరాక్సైడ్ ఉన్నచోట ఎసిటోన్ వద్దు. ఫ్లాస్క్ కడగడానికి కూడా వద్దు. ఎసిటోన్ పెరాక్సైడ్ పేలుతుంది. పర్యావరణ హితం అనే మాటకి ప్రమాదం లేదు అని అర్థం చెప్పుకోకండి.

డిగ్రీ ల్యాబులకి మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, డీఎస్టీ, సూచించిన హరిత ప్రయోగాల్లో ఎసిటనిలైడ్ బ్రోమినేషన్ ఉంది. పొటాషియం బ్రోమైడ్, సెరిక్ అమ్మోనియం నైట్రేట్, నీళ్ళు, ఆల్కహాల్. పిల్లల చేతికి బ్రోమిన్ సీసా ఇవ్వకుండా చేశారు, అది గొప్ప మేలు. కాదనను. కానీ ఒక బ్రోమిన్‌ని ఆక్సీకరించడానికి రెండు సీరియంలు కావాలి. ఒక్కొక్కటి 548. అంటే లెక్క ప్రకారం 1.35 గ్రాముల ఎసిటనిలైడ్‌కి దాదాపు 11 గ్రాముల సీరియం లవణం. అదే పనికి పొటాషియం బ్రోమైడ్ 0.79 గ్రాములు, పొటాషియం బ్రోమేట్ 0.56 గ్రాములు చాలు. కలిపితే అదీ 1.35 గ్రాములే. ఎసిటనిలైడ్ ఎంతో రియేజెంట్ అంతే.

ఇందాక మిథైల్ గుంపు సంగతి తర్వాత అన్నాను. టోలుయీన్ లాంటి దాంట్లో బ్రోమిన్ వలయం మీదికీ వెళ్ళొచ్చు, మిథైల్ మీదికీ వెళ్ళొచ్చు. వెలుతురు ఇచ్చి, బ్రోమిన్ గాఢత తక్కువ ఉంచితే రాడికల్ దారిలో మిథైల్ మీదికి వెళ్తుంది. 1942లో జీగ్లర్ ఎన్‌బీఎస్‌తో చూపించినప్పటి నుంచి ఇది అందరి చేతిలో ఉన్న పద్ధతి. ఎన్‌బీఎస్ ఎందుకు పనిచేస్తుంది? చర్యలో పుట్టిన కొద్దిపాటి హైడ్రోజన్ బ్రోమైడ్‌తో కలిసి, అంతే కొద్దిగా బ్రోమిన్‌ని వదులుతూ ఉంటుంది కాబట్టి. మళ్ళీ అదే సూత్రం, బంతి తర్వాత బంతి. దానికి వాడిన ద్రావణి మాత్రం కార్బన్ టెట్రాక్లోరైడ్. కాలేయానికి విషం, ఓజోన్ పొరకి శత్రువు. మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకం ఆగిపోయాక పరిశ్రమ వేరే ద్రావణులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక్కడ సెలెక్టివిటీ ఇంకో రకం కష్టం పెడుతుంది. మిథైల్ మీద ఒకటి ఎక్కాక రెండోది కూడా ఎక్కగలదు. బ్రోమో ఓటీబీఎన్ చేసేవాళ్ళకి తలనొప్పి ఆ డైబ్రోమోనే. కొంత ముడిపదార్థం మిగిలి ఉండగానే ఆపేసి, వేరుచేసి, మళ్ళీ వాడుకోవడం మంచిదా, చివరిదాకా నడిపి డైబ్రోమోని భరించడం మంచిదా? దీనికి జవాబు పుస్తకంలో లేదు, మీ ప్లాంట్‌లో ద్రావణి రికవరీ ఎంత బాగుందో దాని మీద ఆధారపడుతుంది.

చివరగా బ్రోమేట్ గురించి ఒక హెచ్చరిక. ఇంతసేపు మెచ్చుకున్నాను కాబట్టి ఇది చెప్పకపోతే అన్యాయం. బ్రోమేట్ మనుషులకి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. తాగేనీటిలో లీటరుకి 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడిగా ఉన్న బ్రోమేట్‌ని కాగితం మీద, రంపపు పొట్టు మీద ఒలకపోయకండి, అది బలమైన ఆక్సీకారకం, నిప్పు అంటుకోవచ్చు.

ఈ ప్రయోగం మీ ల్యాబ్‌లో పెట్టబోయే అధ్యాపకులకి చెబుతున్నాను. ఎసిటనిలైడ్‌ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించండి, రెండు లవణాలని నీళ్ళలో కరిగించి కలపండి, సజల ఖనిజామ్లాన్ని చుక్కలుగా వదలండి. వచ్చిన పారాబ్రోమో ఎసిటనిలైడ్‌ని వడగట్టి, స్ఫటికీకరించి, ద్రవీభవన స్థానం చూడండి. 167 దగ్గర ఉండాలి. 114 దగ్గర కరిగితే అది ఇంకా ఎసిటనిలైడే. పిల్లలు ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. వడగట్టిన ద్రవం బీకర్‌లో మిగిలి ఉంటుంది, దాని సంగతి కూడా రికార్డులో రాయించండి. హుడ్ కింద పెట్టి సోడియం బైసల్ఫైట్ వేయండి. పసుపు పోగానే సరిపోయిందనుకోవద్దు, బ్రోమేట్‌కి రంగు లేదు. స్టార్చ్ అయోడైడ్ కాగితం ముంచి చూడండి, అదీ ద్రవం ఆమ్లంగా ఉండగానే చూడండి, ఎందుకంటే ఆమ్లం లేకపోతే బ్రోమేట్ అయోడైడ్‌ని ఆక్సీకరించదు, ఉండి కూడా లేనట్టు కనబడుతుంది. కాగితం నీలంగా మారితే ఇంకొంచెం బైసల్ఫైట్. మారడం ఆగాక తటస్థం చేయండి, వ్యర్థాల సీసాలో పోసి, మీద ఏముందో, ఎంతుందో రాసి అంటించండి.

నా సమయం అయిపోయింది. ఇక ప్రశ్నలు అడగండి. అదిగో, ఎడమవైపు మూడో వరసలో అమ్మాయి ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉంది, మైక్ ముందు ఆమెకివ్వండి.